చిల్లుల చక్రం వేసే కేక

పిల్లలూ, సైరను కూత మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. కొన్ని ఊళ్ళలో మునిసిపాలిటీ ఆఫీసు మీద, కొన్నిచోట్ల మిల్లుల మీద సైరను ఉంటుంది. బొగ్గుగనుల ఊళ్ళలో పెరిగినవారికి షిఫ్టు వేళ సైరనే గడియారం. 2025 మే 7న దేశమంతటా పౌరరక్షణ అభ్యాసం జరిగినప్పుడు హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ సైరన్లు మోగించారు. అవి విని, పెద్దవాళ్ళు 1971 యుద్ధంనాటి రాత్రులు, దీపాలార్పిన వీధులు జ్ఞాపకం చేసుకున్నారు.

మొదట చిన్నగా, బొంగురుగా మూలిగి, క్రమంగా గొంతు పెంచి, చివరికి చెవులు మూసుకునేటంత గట్టిగా అరుస్తుంది కదూ ఈ యంత్రం! ఇంతకూ ఆ అరిచేది ఏమిటి? వీణకు తీగ ఉన్నది. మృదంగానికి చర్మం ఉన్నది. సన్నాయికి పీక ఉన్నది. రైలింజను కూతకు కూడా ఒక ఈల ఉన్నది. సైరను విప్పి చూస్తే వీటిలో ఏ ఒక్కటీ కనపడదు. లోపల ఉన్నది ఒక చక్రం, దాని చుట్టూ కిటికీలు, అంతే! దానిని తిప్పటానికి ఒక మోటారు. మోటారు లేని చిన్న సైరన్లకు చేతితో తిప్పే పిడి ఉంటుంది.

చక్రం తిరిగితే గాలి వీస్తుంది, అది మనకు తెలుసు. ఇంట్లో ఫాను చేసే పని అదే. మరి ఫాను ఊరంతా వినపడేలా అరవదేం? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే సైరను రహస్యం తెలిసినట్టే.

శబ్దం అంటే గాలిలో పుట్టే ఒత్తిడి అల. గాలి ఒకే తీరుగా పోతూ ఉంటే అల పుట్టదు, గాలి తగులుతుంది అంతే. ఆ గాలిని ఎవరైనా ఆపి వదిలి, ఆపి వదిలి, సెకనుకు కొన్ని వందలసార్లు ముక్కలు ముక్కలుగా తెంపుతూ ఉంటే, ఒక్కొక్క ముక్కా చుట్టూ ఉన్న గాలిని తోస్తుంది. ఆ తోపులే వరుసగా వచ్చి మన చెవికి తగిలి ఒక స్వరంలా వినపడతాయి. ఫాను గాలిని తోస్తుంది. సైరను గాలిని తోసి, కత్తిరిస్తుంది. తేడా అంతా ఆ కత్తిరింపులో ఉన్నది.

నమ్మకం కలగకపోతే చేసి చూడండి. ఇందుకు డబ్బు ఖర్చు లేదు. మందమైన అట్ట తీసుకుని 12 సెంటీమీటర్ల వెడల్పు గల బిళ్ళ కత్తిరించండి. వృత్తలేఖినితో దాని మీద 4 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక గీత గీసి, ఆ గీత మీద సమాన దూరాలలో 12 చిల్లులు చేయండి. ఒక్కొక్క చిల్లు సుమారు ఒక సెంటీమీటరు ఉండాలి. నడిమధ్య రెండు చిన్న బెజ్జాలు పొడిచి, వాటిలో గట్టి దారం దూర్చి, కొసలు ముడివేయండి. గుండీకి దారం గుచ్చి రెండు చేతులతో లాగుతూ వదులుతూ రయ్యిమని తిప్పే ఆట మీకు తెలుసు గదా, అలా ఈ బిళ్ళను ఒకరు తిప్పాలి. రెండవవారు బొప్పాయి ఆకు కాడను కోసి, సన్నని గొట్టంగా చేసుకుని, ఒక కొసను చిల్లుల వరుసకు ఎదురుగా, బిళ్ళకు తగలకుండా దగ్గరగా పట్టుకుని గట్టిగా ఊదాలి. బొప్పాయి పాలు నోటికి, కళ్ళకు మంచివి కావు గనుక కాడను బాగా కడిగి ఆరబెట్టండి. లేదా కొబ్బరిబొండాం తాగే గొట్టం వాడండి. చిన్నపిల్లలు చేసేటప్పుడు పెద్దవారు పక్కన ఉండాలి. తిరిగే బిళ్ళకు మొహం మరీ దగ్గరగా పెట్టకూడదు.

బిళ్ళ వేగం పుంజుకునేకొద్దీ గొట్టం దగ్గర ఒక కూత పుడుతుంది. దారం పురి విడి మళ్ళీ పడుతూ ఉంటే కూత పైకి లేచి, కిందికి దిగుతుంది. అచ్చం సైరనే!

ఇప్పుడు లెక్క చూదాం. బిళ్ళ సెకనుకు 30 సార్లు తిరుగుతున్నదనుకోండి. చిల్లులు 12. మీ ఊపిరి సెకనుకు 360 ముక్కలయింది. అంటే 360 కంపనాల స్వరం. ఆరు చిల్లులతోనే ఇంకొక బిళ్ళ చేసి అదే వేగంతో తిప్పితే 180 కంపనాలు వస్తాయి. సంగీతం నేర్చుకునే పిల్లలు ఈ రెండూ విని, ఒకటి పై షడ్జం, ఒకటి కింది షడ్జం అని చెప్పేస్తారు. ఆ చిల్లులనే సమానంగా కాక ఎడాపెడా పొడిచి చూడండి, శుద్ధమైన స్వరం రాదు, గరగర వస్తుంది.

ఇలా చిల్లులతో గాలిని తెంపి స్వరం పుట్టించవచ్చునని 1800కు ముందే స్కాట్లండుకు చెందిన జాన్ రాబిసన్ చూపాడు. 1819లో కన్యార్ ద లాతూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని చక్కని యంత్రంగా తయారు చేశాడు. ఒక కదలని పళ్ళెం, దాని మీద తిరిగే మరొక పళ్ళెం, రెండింటికీ సరిసమానంగా చిల్లులు. ఆ చిల్లులు ఏటవాలుగా తొలిచాడు గనుక కింది నుంచి వచ్చే గాలే పై పళ్ళేన్ని తిప్పేది. ఎన్ని చుట్లు తిరిగిందో చూపటానికి గంటలముల్లు వంటి ఏర్పాటు ఉండేది. దీనితో ఆయన ఊరిని లేపదలచుకోలేదు. స్వరాల కంపనాలు లెక్కపెట్టదలచాడు! ఏదైనా ఒక స్వరం వినిపిస్తే, దానితో కలిసేదాకా తన యంత్రం వేగం పెంచి, ముల్లు చూసి, ఇది సెకనుకు ఇన్ని కంపనాలు అని చెప్పవచ్చు. ఈ యంత్రం నీళ్ళలో కూడా పాడగలిగింది. గ్రీకుల పురాణకథలలో సైరన్లు అనే వింతజీవులు సముద్రపు దీవిలో ఉండి, పాటపాడి నావికులను మోసపుచ్చి చంపేవి. నీటిలో పాడే యంత్రం కనుక ఆయన దానికి ఆ పేరు పెట్టాడు. చంపటానికి పాడినవాళ్ళ పేరు చివరికి ప్రాణాలు కాపాడే యంత్రానికి స్థిరపడింది, విచిత్రం కాదూ!

శ్రుతి సంగతి ఇంతటితో అయిపోయింది. చిల్లుల సంఖ్యను సెకనుకు తిరిగే చుట్లతో గుణిస్తే చాలు. కాని సైరను ఎంత గట్టిగా అరుస్తుంది అనేది ఇంత తేలిక లెక్క కాదు. ఇంజనీర్లు తలలు బద్దలు కొట్టుకున్నది అక్కడే.

పెద్ద సైరను ఎలా ఉంటుందో చెబుతాను. లోపల తిరిగే చక్రం మన అట్టబిళ్ళలా పలచగా ఉండదు, డోలులా లోతుగా ఉంటుంది. దీనినే రోటరు అంటారు. నడుమ ఖాళీ, అందులోంచి అంచుదాకా రెక్కలు, రెక్కల మధ్య సందుల చివర కిటికీలు. దీని చుట్టూ కదలని తొడుగు ఒకటి, దానికీ కిటికీలు. దానిని స్టేటరు అంటారు. రోటరు తిరిగినప్పుడు దాని రెక్కలు, తడిసిన గొడుగును గిర్రున తిప్పితే నీటిచుక్కలు చుట్టూ ఎగిరినట్టు, గాలిని అంచులకు విసురుతాయి. నడుమ ఏర్పడిన ఖాళీలోకి బయటి గాలి వచ్చి చేరుతుంది. లోపలి కిటికీ బయటి కిటికీకి ఎదురైనప్పుడు గాలి భళ్ళున బయట పడుతుంది. గోడ ఎదురైతే ఆగిపోతుంది. రోటరుకు 12, స్టేటరుకు 12 కిటికీలు ఉంటే పన్నెండూ ఒక్కసారే తెరుచుకుని ఒక్కసారే మూసుకుంటాయి. పన్నెండు నోళ్ళు ఒకే తాళంలో కేక వేస్తాయన్నమాట.

చూశారా, ఈ రోటరుకు రెండు ఉద్యోగాలు! గాలిని తోడాలి, తోడిన గాలిని తెంపాలి. ఒక పనికి అనుకూలమైనది రెండవ పనికి అడ్డు రావచ్చు.

మొదట కిటికీల వెడల్పు చూడండి. కిటికీలు పెద్దవిగా చేసి గోడలు సన్నం చేస్తే గాలి ఎక్కువ వస్తుంది, కూత పెరుగుతుంది అని మీకు తోచవచ్చు. తరగతిలో ఈ మాట అనని పిల్లవాడిని నేను చూడలేదు. కాని గోడ కిటికీ కంటే సన్నమైతే కిటికీని ఎన్నడూ పూర్తిగా మూయలేదు. గాలి ఆగదు. ఆగకపోతే తెగదు. తెగకపోతే అది సైరను కాదు, ఫాను. పోనీ గోడలు వెడల్పుచేసి కిటికీలు సన్నం చేద్దామా? గాలి బాగా ఆగుతుంది, కాని తెరిచే క్షణం మరీ కొద్దిది, బయటపడే గాలి చిటికెడు. అందుచేత కిటికీ ఎంతో గోడ కూడా ఇంచుమించు అంతే ఉండేలా చేయటం మంచి పద్ధతి.

తర్వాత రోటరుకూ స్టేటరుకూ మధ్య సందు. ఇది బొత్తిగా కంటికి ఆనదు, కాని ఇక్కడే చాలా బలం వృథా అవుతుంది. మీ అట్టబిళ్ళతోనే చూడండి. గొట్టాన్ని బిళ్ళకు దగ్గరగా పెట్టి ఊదుతూ, మెల్లగా నాలుగు వేళ్ళ దూరం వెనక్కు తీయండి. కూత నీరసించి, చివరకు ఉస్సుమనే గాలి మిగులుతుంది. ఎందుచేత? దూరం నుంచి ఊదితే మీ ఊపిరి పరుచుకుని, చిల్లు మీదా అట్ట మీదా ఒకేసారి పడుతుంది. చిల్లు వచ్చినా అట్ట వచ్చినా దాటే గాలి ఒకటే. మార్పు లేనిచోట శబ్దం లేదు.

పెద్ద సైరను విషయంలో ఒక మోటు లెక్క వేద్దాం. ఒక కిటికీ 5 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు అనుకోండి. వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు. దాని చుట్టుకొలత 30 సెంటీమీటర్లు. గోడ అడ్డం వచ్చి కిటికీని మూసినప్పుడు కూడా ఈ 30 సెంటీమీటర్ల అంచు వెంట సందులోంచి గాలి జారిపోతుంది. సందు ఒక మిల్లీమీటరు అయితే జారే దారి 3 చదరపు సెంటీమీటర్లు, అంటే కిటికీలో నూటికి 6 వంతులు. సందు 5 మిల్లీమీటర్లు అయితే 15 చదరపు సెంటీమీటర్లు, నూటికి 30 వంతులు! మొదటిదానిలో గాలి 100కూ 6కూ మధ్య ఊగుతుంది, రెండవదానిలో 100కూ 30కీ మధ్యనే. ఊపు 94 నుంచి 70కి పడిపోయింది. శబ్దశక్తి ఈ ఊపు వర్గాన్ని అనుసరించి ఉంటుంది గనుక, నాలుగు మిల్లీమీటర్ల నిర్లక్ష్యానికి శక్తిలో సగం దాకా పోయిందన్నమాట. అదే మోటారు, అదే కరెంటు, సగం కేక!

అయితే సందు బొత్తిగా లేకుండా చేయవచ్చుగదా అంటారేమో. ఎండకు లోహం వ్యాకోచిస్తుంది. ఇరుసు అరిగి కొద్దిగా ఊగుతుంది. తుప్పు పడుతుంది. రోటరు స్టేటరును రాసుకుందంటే ఆపద వచ్చిననాడే యంత్రం బిగుసుకుని కూర్చుంటుంది. చాలా గట్టిగా అరిచే సైరను కావాలా, ఎన్నడూ మొరాయించని సైరను కావాలా అని ఇంజనీరును అడిగితే, రెండూ కావాలని ఒక సన్నని సందు దగ్గర రాజీపడతాడు. మంచి తరణం పట్టిన పనివాడి చేతినేర్పు ఇక్కడ తెలుస్తుంది.

కిటికీల సంఖ్య పెంచితేనో? పన్నెండుకు బదులు ఇరవైనాలుగు పెడితే శ్రుతి రెట్టింపవుతుంది. కాని ప్రతి కిటికీ సగం వెడల్పే అవుతుంది, అంచులు మాత్రం పెరుగుతాయి, కనుక కారుడు ఎక్కువ. పైగా కీచుస్వరాలను గాలి దారిలోనే ఎక్కువగా పీల్చుకుంటుంది, ఇళ్ళ మూలలు తిరిగి వెళ్ళటం కూడా వాటికి కష్టం. అలాగని కిటికీలు మరీ తగ్గిస్తే బొంగురు స్వరం వస్తుంది. అది దూరం పోతుందిగాని మన చెవి అటువంటి స్వరాలను అంత చురుగ్గా పట్టుకోదు, దానిని సరిగా బయటికి పంపటానికి కొమ్ములు కూడా చాలా పెద్దవి కావాలి. అందువల్ల ఊరి సైరన్లు చాలావరకు సెకనుకు 400 నుంచి 1,000 కంపనాల మధ్యనే కూస్తాయి.

వేగం పెంచటం మరొక మార్గం. రోటరు వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపు వస్తుంది, ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. బాగానే ఉన్నది, కాని మోటారు పెట్టవలసిన బలం ఎనిమిది రెట్లు! ప్రకృతి దగ్గర అప్పు దొరకదు.

ఇదంతా వట్టి ముచ్చటకోసం చేసిన పరిశోధన కాదు. వంద ఏళ్ళకు పైగా దీని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. మంచు కమ్మిన రాత్రి ఓడకు దీపస్తంభం కనపడదు, అప్పుడు రాళ్ళకు కొట్టుకోకుండా ఉండాలంటే శబ్దమే దిక్కు. 1873లో జాన్ టిండాల్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లండు దక్షిణతీరాన సౌత్ ఫోర్లండు దగ్గర ఏది బాగా వినపడుతుందో చూడటానికి ఫిరంగులు, బూరలు, ఈలలు, ఆవిరి సైరను, అన్నీ పరీక్షించాడు. సైరనును అమెరికా దీపస్తంభాలవారు అరువిచ్చారు. అందులో కదలని బిళ్ళ ఒకటి, తిరిగే బిళ్ళ ఒకటి, ఒక్కొక్కదానికి 12 చీలికలు. నిమిషానికి సుమారు 2,400 చుట్లు. అంటే సెకనుకు 40 చుట్లు, 480 కంపనాలు. మొత్తం మీద సైరనే గెలిచింది.

అంతకంటే తమాషా మరొకటి ఆ పరీక్షలలో బయటపడింది. మంచు దట్టంగా ఉన్న రోజులలో చక్కగా వినపడిన కూత, ఆకాశం నిర్మలంగా ఉన్న కొన్ని ఎండరోజులలో అంత దూరం వినపడలేదు! కనపడని గాలిమబ్బులేవో శబ్దాన్ని వెనక్కు కొడుతున్నాయని టిండాల్ అనుకున్నాడు. ఆస్‌బోర్న్ రెనాల్డ్స్ అనే మరొక శాస్త్రజ్ఞుడు ఆ రోజులలోనే ముఖ్యమైన కారణం పట్టుకున్నాడు. వేడిగాలిలో శబ్దం వేగంగా పోతుంది. పగలు నేల దగ్గర గాలి వేడి, పైన చల్లన. కనుక శబ్దం పైకి వంగి మన తలల మీదుగా పోతుంది. రాత్రి నేల చల్లబడినప్పుడు కిందికి వంగుతుంది. పక్క ఊరి హరికథ పగలు వినపడక, అర్ధరాత్రి మన వాకిట్లో చెప్పినట్టు వినపడటానికి కారణం ఇదే. ఊరు సద్దుమణగటం కూడా కొంత తోడవుతుంది.

రెండవ ప్రపంచయుద్ధం నాటికి విమానాలు వచ్చిపడ్డాయి. మన విశాఖపట్నం, కాకినాడల మీద కూడా 1942 ఏప్రిల్ 6న జపానువారు బాంబులు వేశారు. ఎక్కడ చూసినా సైరన్లకు గిరాకీ పెరిగింది. బ్రిటనులో వాడిన సైరన్లలో చాలావాటికి ఒకే ఇరుసు మీద రెండు రోటర్లు ఉండేవి. ఒకదానికి 10 కిటికీలు, రెండవదానికి 12. ఇరుసు ఒకటే గనుక చుట్లు ఒకటే, కాని స్వరాలు రెండు. వాటి నిష్పత్తి 5కు 6. మన సంగీతంలో చెప్పాలంటే షడ్జమూ సాధారణ గాంధారమూ కలిపి వాయించినట్టు. రెండు స్వరాలెందుకు? ప్రతిధ్వనులు ఒకచోట ఒక స్వరాన్ని తినివేసినా రెండవది మిగులుతుంది. ఆ జంటకేక వేరే ఏ శబ్దాన్నీ పోలదు గనుక పొరపడటానికీ వీలుండదు.

అతి గట్టిగా అరిచిన సైరను ఏదో తెలుసా? అమెరికాలో క్రైస్లర్ మోటారు కంపెనీ 1952 నుంచి 1957 దాకా తయారుచేసినది. దానిని తిప్పటానికి 180 గుర్రాల బలం గల ఎనిమిది సిలిండర్ల కారు ఇంజను పెట్టారు! పొడవు 12 అడుగులు, బరువు సుమారు 3 టన్నులు. ఆరు కొమ్ములు. గాలిని తెంపే చక్రం నిమిషానికి 4,600 చుట్లు తిరిగేది. ఆరు కొమ్ములకు ఆరు కిటికీలు అని పెట్టుకుని శ్రుతి ఎంతో మీరే లెక్క కట్టండి. 460 వచ్చిందా? సరే. వంద అడుగుల దూరంలో దాని తీవ్రత 138 డెసిబెళ్ళు. చెవికి నొప్పి 120, 130 దగ్గరే మొదలవుతుంది, కనుక దాని దగ్గర నిలబడటం వినికిడి పోగొట్టుకోవటమే.

ఇందులో యుక్తి ఏమిటంటే, రోటరుకు ఉన్న రెండు ఉద్యోగాలలో ఒకటి తీసివేశారు. గాలిని ఒత్తే పని వేరే రెక్కల చక్రాలు చేస్తాయి, తెంపే చక్రం తెంపుతుంది, అంతే. అదే 1952లో ఫెడరల్ కంపెనీవారు తెచ్చిన థండర్‌బోల్టు అనే సైరనులో ఇంకా ముందుకు వెళ్ళారు. అందులో గాలి కొట్టే యంత్రం వేరే పెట్టెలో కింద ఉంటుంది. గొట్టం గుండా గాలి పైకి వస్తే, పైన చిన్న రోటరు దానిని తెంపి కొమ్ములోకి పంపుతుంది. కమ్మరి కొలిమిలో తిత్తి ఒకచోట, నిప్పు ఒకచోట ఉన్నట్టు. తోడే బాధ్యత లేదు గనుక రోటరును కేవలం తెంపటానికి ఎలా ఉంటే బాగుంటుందో అలా చేసుకోవచ్చు. ఆ కొమ్ము చుట్టూ తిరుగుతూ నాలుగు దిక్కులకూ కేకను పంచుతుంది. ఇటువంటివి ఖరీదెక్కువ, మరమ్మతులూ ఎక్కువ. అందుకే రెండు పనులూ చేసుకునే పాతకాలపు రోటరు ఇంకా చాలాచోట్ల కొలువులోనే ఉన్నది. కొత్తగా పెట్టేవాటిలో లౌడుస్పీకర్లతో పనిచేసే ఎలక్ట్రానిక్ సైరన్లు ఎక్కువ. వాటిలో చక్రం లేదు, మాటలు కూడా చెప్పగలవు.

డెసిబెల్ లెక్క కొంచెం పెంకెది. పది డెసిబెళ్ళు పెరిగితే శక్తి పది రెట్లు పెరిగినట్టు. బయలులో దూరం రెట్టింపయినప్పుడల్లా 6 డెసిబెళ్ళు తగ్గుతాయి. వంద అడుగుల దగ్గర 138 ఉంటే, 200 దగ్గర 132, 400 దగ్గర 126. ఇలా ఎనిమిదిసార్లు రెట్టించండి. 25,600 అడుగులు, అంటే సుమారు 8 కిలోమీటర్ల దగ్గర 90. ఇది కాగితం మీద లెక్క. చెట్లు, ఇళ్ళు, గాలివాటు, ఎండ, ఇవన్నీ కలిసి ఇందులో చాలా కోసుకుంటాయి.

అయినా ఈ లెక్కలో ఒక సంగతి గమనించండి. సైరను బలం 6 డెసిబెళ్ళు పెరిగితే వినపడే దూరం రెట్టింపు, వినపడే నేల నాలుగు రెట్లు. 3 డెసిబెళ్ళు పోతే, వినే నేలలో సగం పోతుంది. ఇందాక నాలుగు మిల్లీమీటర్ల సందుకు సగం శక్తి పోయిందన్నామే, అది సుమారు 3 డెసిబెళ్ళు. మ్యాపు మీద చూస్తే ఆ సందు కొన్ని వీధులు, కొన్ని పేటలు. అక్కడివారికి కబురు అందదు.

ఇక ఆ ఎక్కే దిగే కూత సంగతి. మన దేశంలో ప్రమాద సూచనకు సైరను ఎక్కుతూ దిగుతూ కూస్తుంది, ప్రమాదం గడిచిపోయిందనటానికి ఒకే తీరుగా కూస్తుంది. ఎక్కటం దిగటం అంటే మోటారుకు కరెంటు ఇచ్చి, తీసి, ఇవ్వటమే. వేగం పెరిగితే శ్రుతీ పెరుగుతుంది, బిగ్గరతనమూ పెరుగుతుంది. ఇక్కడ రోటరు బరువు పనిచేస్తుంది. పెద్ద ఇనుప రోటరు మెల్లగా వేగం అందుకుని మెల్లగా వదులుతుంది, దాని ఏడుపు సుదీర్ఘం. తేలికైన అల్యూమినియం రోటరు చకచక ఎక్కిదిగుతుంది. బరువైనదానికి లాభం లేకపోలేదు, కరెంటు పోయినా కాసేపు తిరుగుతూ కూస్తూనే ఉంటుంది. కాని సూచన స్పష్టంగా ఉండాలంటే ఎక్కటానికీ దిగటానికీ బాగా తేడా తెలియాలి. తగినంత వేగం అందుకోకముందే మీట తీసేస్తే సైరను సగం గొంతుతోనే మూలుగుతుంది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది చనిపోయారు. సమయానికి కబురు అందటమంటే ఏమిటో మన తీరప్రాంతం వారికి ఎవరూ చెప్పనవసరం లేదు. అయితే తుపాను గాలి హోరు మొదలైన తర్వాత ఎంతటి రోటరు కూత అయినా ఆ హోరులో కలిసిపోతుంది. అందువల్ల తుపాను విషయంలో గట్టిగా కూసే సైరను కంటే ముందుగా కూసే సైరను మేలు.

ఎన్నాళ్ళకూ తిప్పని సైరను ఇరుసుకు తుప్పు పడుతుంది. గాలి లోపలికి పోయే నోటిలో పిచుకలు గూడు పెడతాయి. లోపలికి రాని గాలి బయటికి పోదు గదా! అందుకే కొన్ని దేశాలలో సైరన్లను తప్పకుండా మోగించి చూస్తారు. స్విట్జర్లండులో ఏటా ఫిబ్రవరి నెల మొదటి బుధవారంనాడు, చెక్ దేశంలో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు.

మీ ఊళ్ళో సైరను ఉంటే ఈసారి కూసినప్పుడు గడియారం చూసి, మొదటి మూలుగు నుంచి పూర్తి గొంతు అందుకోవటానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. వీణో హార్మోనియమో ఉన్నవారు పూర్తి గొంతులో అది ఏ స్వరంతో కలుస్తుందో చూడండి. ఆ స్వరం కంపనాలు తెలిసి, మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో మోటారు మీది రేకు చూసిన ఉద్యోగిని అడిగి తెలుసుకుంటే, సైరను విప్పకుండానే దాని లోపల ఎన్ని కిటికీలున్నాయో చెప్పేయవచ్చు. ఉదాహరణకు చుట్లు నిమిషానికి 2,880, స్వరం 480 కంపనాలు. కిటికీలు ఎన్ని?